విమానం ఇంజనుకు రేసు కారు పోర్టులు కోశారు

మేనేజర్ గారికి,

నమస్కారం. నేను సొంతంగా కట్టుకుంటున్న రెండు సీట్ల విమానం కోసం మాజ్డా 13బీ రోటరీ ఇంజను (పిస్టన్లకు బదులు మూడు మూలల రోటర్ తిరిగే ఇంజను) ప్లేట్లను, అంటే రోటర్‌కు పక్కల మూతల్లా ఉండే వాటిని, మీ పీణ్యా వర్క్‌షాపుకు ఇచ్చాను. వాటిలోని ఇన్‌టేక్ పోర్టులను (గాలి, ఇంధనం లోపలికి వెళ్లే రంధ్రాలను) కొద్దిగా పెద్దవి చేసి, కాస్త ఆలస్యంగా మూసుకునేలా మార్చమన్నాను. గీత గీసిన టెంప్లేటు ఇచ్చి, బ్రిడ్జి పోర్టు (రేసు కార్లకు చేసినట్టు, పోర్టు పక్కన సన్నని పట్టీ వదిలి మరో రంధ్రం కోయడం) వద్దని ఆర్డరు కాగితం మీదే రాశాను. బిల్లులో కూడా మామూలు సైడ్ పోర్టు పని అనే ఉంది. తీరా ప్లేట్లు విప్పి చూస్తే, ప్రతి పోర్టు పక్కనా కనుబొమలాగా మరో రంధ్రం కోసి ఉంది.

అడిగితే మీ ఇంజనీరు గారు పవర్ ఎక్కువ వస్తుందన్నారు. ఎప్పుడు వస్తుంది? ఇంజను నిమిషానికి 8,000 చుట్లు దాటాక. నా గేర్‌బాక్సు నిష్పత్తి 2.17:1. ఇంజను 6,000 చుట్లు తిరిగితే ప్రొపెల్లరు సుమారు 2,765 తిరుగుతుంది, నాకు కావలసింది అంతే. 8,000కు తీసుకెళితే ప్రొపెల్లరు 3,700 దగ్గరికి చేరుతుంది. ప్రొపెల్లరు రెక్కల కొసలు ధ్వని వేగాన్ని సమీపించి, మోత పెరిగి, లాగే బలం తగ్గుతుంది. అంటే నేను ఎన్నడూ వాడుకోలేని పవర్ కోసం నా ప్లేట్లను పాడుచేశారు.

రెండు రంధ్రాల మధ్య మిగిలిన సన్నని ఇనుప పట్టీ మీదుగానే కార్నర్ సీలు (రోటర్ మూలలో వాయువు కారకుండా ఆపే చిన్న ముక్క) పోతుంది. కారులో పూర్తి పవర్ వాడేది కొన్ని క్షణాలే. విమానం టేకాఫ్ నుంచి పైకెక్కేదాకా నిమిషాల తరబడి పూర్తి పవర్ మీద, ఆ తర్వాత గంటల తరబడి ముప్పావు పవర్ మీద నడుస్తుంది. ఆ పట్టీ విరిగి ముక్క లోపల పడితే రోటర్ కొసల్లో ఉండే ఎపెక్స్ సీళ్లు పోతాయి, ఆ రోటర్ పని అక్కడితో సరి. ఇంకో ప్రమాదం దిగేటప్పుడు. బ్రిడ్జి పోర్టు ముందుగా తెరుచుకోవడంతో కాలిన వాయువు ఇన్‌టేక్‌లోకి కలుస్తుంది, ఐడిల్ (థ్రాటిల్ తగ్గించినప్పటి నెమ్మది నడక) నిలకడగా ఉండదు. రన్‌వే ముందు థ్రాటిల్ తగ్గించినప్పుడు ఇంజను ఆగిపోతే ప్రాణాల మీదికి వస్తుంది.

లే మాన్స్ 24 గంటల రేసు గెలిచిన మాజ్డా 787బీ కారును కూడా మీ ఇంజనీరు గారు ఉదాహరణగా చెప్పారు. 1991లో గెలిచిన ఆ కారుది నాలుగు రోటర్ల ఇంజను. దాని పోర్టులు రోటర్ చుట్టూ ఉండే హౌసింగులోనే ఉంటాయి, ఇన్‌టేక్ గొట్టాల పొడవు కూడా వేగాన్ని బట్టి మారేది. పోర్టులు పక్క ప్లేట్లలో ఉండే నా సైడ్ పోర్టు ఇంజనుకు ఆ పోలిక పనికిరాదు.

బ్రిడ్జి సంగతి పక్కన పెట్టినా పని నాసిరకమే. వెనుక ప్లేటులో పోర్టు లోపలి అంచు, నూనెను ఆపే ఆయిల్ రింగు నడిచే దారిలోకి చొచ్చుకుపోయింది. ఇంజను నడిస్తే నూనె ఇన్‌టేక్‌లోకి పోతుంది. పోర్టు మూసుకునే అంచును వాలుగా నునుపు చేయలేదు, రోటర్ పక్క అంచున ఉండే సైడ్ సీలు అక్కడ తగులుకుంటుంది. ముందు, వెనుక ప్లేట్ల పోర్టులు ఒకే సమయానికి మూసుకోవు. నూనె దారుల్లో గ్రైండింగ్ పొడి కూడా అలాగే ఉంది.

పోత ఇనుములో కోసిన రంధ్రాన్ని వెల్డింగుతో పూడ్చి ఇస్తామన్న మీ ప్రతిపాదనకు నేను ఒప్పుకోను. వేడికి ప్లేటు వంగుతుంది, పగుళ్లు పడతాయి. ఆ ప్లేట్లతో నేను గాలిలోకి ఎగరను.

పని డబ్బు మొత్తం వాపసు ఇవ్వండి. మంచి స్థితిలో ఉన్న అదే రకం ప్లేట్లు తెప్పించి ఇవ్వండి, లేదా వాటి ఖరీదు, రవాణా, సుంకం చెల్లించండి. వాటి మీద పోర్టు పని మీ దగ్గర చేయించను. పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే, టెంప్లేటు, ఆర్డరు కాగితం, ఫోటోలతో వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ప్లేట్లు ఉన్నవి ఉన్నట్టే జక్కూరులో నా దగ్గర ఉన్నాయి. మీ ఇంజనీరు గారు వచ్చి కొలుచుకోవచ్చు.

ఇట్లు,
మీ వినియోగదారుడు
జక్కూరు, బెంగళూరు