పులికాట్ నీటిని కొలిపించండి: తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

మన జిల్లా పేరు చెప్పగానే అందరికీ ఏడుకొండలే గుర్తొస్తాయి. సూళ్లూరుపేట, తడ వైపు మనకు పులికాట్ సరస్సు ఉంది, దాని అవతల సముద్రమూ ఉంది. నా బెంగ ఆ నీటి గురించే.

మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు సముద్రాలే పీల్చుకుంటున్నాయి. దాంతో పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దగ్గర ఉన్న సముద్రపు పీహెచ్ (ఆమ్లత్వాన్ని చూపే అంకె, ఇది తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు) సుమారు 8.1కి దిగింది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఆమ్లత్వం 30 శాతం దాకా పెరిగినట్టు. ఆమ్లత్వం పెరిగితే సున్నపు గూటికి కావలసిన కార్బొనేట్ నీటిలో తగ్గుతుంది. అది తగ్గేకొద్దీ పగడపు జీవులకు సున్నపు గూడు కట్టుకోవడం కష్టమవుతుంది. తమిళనాడు తీరాన మన్నార్ సింధుశాఖలోని పగడపు దిబ్బలు ఇప్పటికే వేడికి తెల్లబారాయి. వాటికి ఇది రెండో దెబ్బ.

పులికాట్ పగడాలకు పేరున్న చోటు కాదు. అయితే ఆల్చిప్పల గుల్లా ఆ సున్నమే, పడవ మీద బతికే కుటుంబాలూ మనవే.

సరస్సు నీటి పీహెచ్ వానకు, ఉప్పుకు మారుతూనే ఉంటుంది, కాబట్టి ఒక్కసారి కొలిస్తే ఏమీ తెలియదు. ప్రతి నెలా అవే చోట్ల కొలిపించండి. ఆ అంకెలను మత్స్యకార గ్రామాల్లో తెలుగులో బోర్డు మీద రాయించండి. సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో ఫెస్టివల్‌లో పిల్లల కోసం దీనిపై ఒక స్టాల్ పెట్టించండి.

ఇట్లు,
తిరుపతి వాసి