బండి పక్కకి లాగుతుంటే ముందు ఇంట్లో చూస్కోండి

గ్రూపులో అందరికీ అండీ, బండి ఓ పక్కకి లాగుతోందన్నవాళ్ళు ముందు సెంటర్ స్టాండ్ వేసి స్వింగ్ ఆర్మ్ (బైకు వెనక చక్రాన్ని పట్టుకునుండే చెయ్యి లాంటిది) వెనక చివర పట్టుకుని అటూ ఇటూ ఊపండి, టకటకమంటే బుష్‌లు (ఆర్మ్ కీలు దగ్గరుండే చిన్న గొట్టాలు) పోయినట్టే, మన కాలవగట్ల బురదకీ అంతర్వేది వైపు ఉప్పుగాలికీ అవి తొందరగానే పోతాయి, అప్పుడు ఎలైన్‌మెంట్ (రెండు చక్రాల్నీ ఒకే వరసలో పెట్టడం) ఎంత చేసినా వేస్ట్.

బుష్ బాగుంటే తాపీ మేస్త్రి కట్టే నైలాన్ దారం చాలు. వెనక టైరుకి వెనకనించి చుట్టి రెండు పక్కలా ముందు చక్రం దాకా లాగి, దారం వెనక టైరు ముందంచుని కూడా జస్ట్ తాకేలా పెట్టండి, హేండిల్ తిన్నగా ఉండాలి. ముందు టైరు సన్నం కాబట్టి రెండు పక్కలా గ్యాప్ వస్తుంది, అది సమానంగా ఉండాలి. లేకపోతే వెనక ఏక్సిల్ (చక్రం ఇరుసు) నట్ లూజ్ చేసి, ఇరుసుని ముందుకీ వెనక్కీ జరిపే చైన్ ఎడ్జస్టర్ పావు చుట్టు చొప్పున తిప్పండి. ఆర్మ్ మీద ఎడ్జస్టర్ దగ్గరుండే గీతల్ని మాత్రం నేను నమ్మను, స్వింగ్ ఆర్మ్ బోల్ట్ సెంటర్ నించి ఏక్సిల్ సెంటర్‌కి టేపుతో రెండు వైపులా కొలవండి. ఆ కొలత సమానంగా ఉండి కూడా దారం తేడా చూపిస్తే ఆర్మో చాసిసో వంగింది, అది ఇంట్లో అయ్యే పని కాదండి.

ఇంజన్ ఫౌండేషన్ బోల్టులు (ఇంజన్‌ని చాసిస్‌కి పట్టించేవి) విప్పితే అన్నీ చేత్తో పట్టించాకే ఒక్కోటీ బిగించండి, ముందే ఒకటి టైట్ చేస్తే ఇంజన్ పక్కకి కూర్చుని స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం) పళ్ళు ఓవైపే అరుగుతాయి. ఆఖర్న చైన్ లూజు మాన్యువల్ ప్రకారం, వెనక బ్రేక్ కూడా చూస్కోండి, చక్రం జరిగితే అదీ మారుద్ది.