హెడ్‌సెట్లు కొనే ముందు 36 బడుల్లో కొలిచి చూడండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

సర్కారు బడుల్లో వర్చువల్ రియాలిటీ (వీఆర్, కళ్లకు పెట్టుకునే హెడ్‌సెట్‌లో త్రీడీ లోకాన్ని చూపే సాంకేతికత) ల్యాబులు పెట్టాలని ఎవరు ప్రతిపాదించినా ముందు ఒక వీడియో చూపిస్తారు. పిల్ల తలకు హెడ్‌సెట్ పెట్టుకుని, నోరు తెరిచి, గుండె లోపల తిరుగుతుంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడుతుంటారు. ఆ సంబురం నిజమే. కానీ నెల తిరిగాక అదే పిల్లను ఎడమ జఠరిక గోడ ఎందుకు మందంగా ఉంటుందని అడిగితే ఏం చెబుతుందో ఏ వీడియోలోనూ ఉండదు. అందుకే మా విన్నపం ఒక్కటే. రాష్ట్రమంతటికీ టెండర్ పిలిచే ముందు ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక విద్యాసంవత్సరం పద్ధతిగా కొలవండి.

ఈ అనుమానానికి ఆధారాలున్నాయి. మక్రాన్‌స్కీ, టెర్కిల్డ్‌సెన్, మేయర్ 2019లో ప్రచురించిన పరిశోధనలో 52 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులు ఒకే సైన్స్ ల్యాబ్ సిమ్యులేషన్‌ను కొందరు హెడ్‌సెట్‌లో, కొందరు మామూలు కంప్యూటర్ తెర మీద చేశారు. నిజంగా అక్కడే ఉన్నామన్న అనుభూతి హెడ్‌సెట్ వాళ్లకే ఎక్కువ కలిగింది. నేర్చుకున్నది మాత్రం వాళ్లే తక్కువ. 2018లో పరోంగ్, మేయర్ రక్తప్రసరణ పాఠంతో చూసినప్పుడు కూడా సాదా స్లైడ్లతో చదివినవాళ్లే పరీక్షలో మెరుగ్గా రాశారు. అయితే వీఆర్ పాఠాన్ని మధ్యమధ్య ఆపి, చూసినదాన్ని సొంత మాటల్లో రాయించినప్పుడు ఫలితం పెరిగింది. కాబట్టి యంత్రంతో పాటు పాఠం ఎలా అల్లారన్నదీ లెక్కలోకి రావాలి.

ఇంకో వైపు కూడా ఉంది. 2002లో యేల్ విశ్వవిద్యాలయంలో 16 మంది సర్జరీ రెసిడెంట్లలో (శిక్షణలో ఉన్న డాక్టర్లలో) కొందరికి వీఆర్ సిమ్యులేటర్ మీద శిక్షణ ఇచ్చి, తర్వాత అందరి చేతా నిజమైన పిత్తాశయ ఆపరేషన్ చేయించి చూశారు. సిమ్యులేటర్ శిక్షణ పొందినవాళ్లు 29 శాతం వేగంగా చేశారు, తప్పులు దాదాపు ఆరో వంతే. చేయి తిరగాల్సిన పనికి, తప్పు చేస్తే ప్రాణం పోయే పనికి, ప్రతిసారీ సామాను ఖర్చయ్యే పనికి ఇది అక్కరకొస్తుంది. మా ఉద్దేశంలో ముందు వరుసలో ఉండాల్సింది ఐటీఐల వెల్డింగ్ షాపులు, కాకతీయ మెడికల్ కాలేజీ, భూపాలపల్లి వైపు సింగరేణి గనుల రక్షణ శిక్షణ. తొమ్మిదో తరగతి జీవశాస్త్రం ఆ తర్వాత. వెల్డింగ్‌లోనూ సిమ్యులేటర్ ఇచ్చే స్కోరును నమ్మొద్దు. నిజమైన ప్లేటు మీద అతుకు వేయించి, వంచి చూసి మార్కులు వేయండి.

ఇక బడుల్లో ఎలా కొలవాలి? తొమ్మిదో తరగతి జీవశాస్త్రంలో కణం పాఠం తీసుకోండి. పదో తరగతిని ముట్టుకోకండి, పబ్లిక్ పరీక్షల ఏడాదిలో ప్రయోగాలు తగవు. బడులను మూడు గుంపులుగా లాటరీ తీయాలి. ఒక గుంపుకు హెడ్‌సెట్. రెండో గుంపుకు అదే త్రీడీ కణం, అదే వ్యాఖ్యానం, డిజిటల్ ప్యానెల్ మీద. మూడో గుంపుకు టీచరు, చార్టు, మట్టితో చేసిన నమూనా. రెండో గుంపు లేకపోతే ప్రయోగం దండగ. మార్కులు పెరిగినా అది హెడ్‌సెట్ మహిమో త్రీడీ బొమ్మ మహిమో తేలదు. ఒకే బడిలో 'ఏ' సెక్షన్‌కు ఒకటి, 'బి' సెక్షన్‌కు ఇంకొకటి ఇస్తే సరిపోదా అంటారు. సరిపోదు. ఇంటర్వెల్‌లో పిల్లలు మాట్లాడుకుంటారు. పైగా 'ఏ' సెక్షన్‌లో ఎవరిని కూర్చోబెడతారో మనందరికీ తెలిసిందే.

ఎన్ని బడులు కావాలో లెక్క వేసే చూపిస్తాం. ప్రామాణిక విచలనంలో (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతలో) 0.4 వంతు తేడాను నమ్మకంగా పట్టాలంటే గుంపుకు సుమారు 100 మంది చాలు. కానీ ఒకే బడి పిల్లలు ఒకే తీరున రాస్తారు. తరగతికి 30 మంది, వాళ్ల మార్కుల మధ్య పోలిక (0 అంటే ఏమీ లేదు, 1 అంటే అచ్చం ఒకటే) 0.2 అనుకుంటే 1 + 29 × 0.2, అంటే 6.8 రెట్లు పెంచాలి. అప్పుడు 680 మంది, గుంపుకు 23 బడులు. పాఠానికి ముందే పరీక్ష పెట్టి, ఆ మార్కులకు చివరి మార్కులతో 0.7 సహసంబంధం (ఒకటి పెరిగితే రెండోదీ పెరిగే తీరు, గరిష్ఠం 1) ఉందనుకుంటే అవసరం దాదాపు సగానికి తగ్గుతుంది. గుంపుకు 12, మొత్తం 36. నాలుగు బడుల్లో పైలట్ చేసి విజయవంతమైందని రాసే నివేదికకు ఈ లెక్క ముందు విలువ లేదు.

హెడ్‌సెట్లు 12 బడులకూ కొననక్కర్లేదు. పెట్టెకు 10, రెండు అదనం, అలాంటివి నాలుగు పెట్టెలు. ఒక్కో పెట్టె వారంలో మూడు బడులు తిరిగితే 48తో పని జరుగుతుంది. 45 నిమిషాల పీరియడ్‌లో మూడు విడతలు: సర్దుకోవడానికి 3 నిమిషాలు, పాఠం 10, తుడవడానికి 2. ఒక విడత నడుస్తుంటే మిగతా 20 మంది ఏం చేస్తారన్నది ముందే రాసి పెట్టాలి. లేకపోతే కొలిచేది అల్లరినే.

మొదటి రెండు సెషన్లను లెక్కలోకి తీసుకోకండి, అవి కొత్త మోజు తీరడానికి. పరీక్ష కాగితం మీదే ఉండాలి. పాఠంలో చూపని కొత్త కణం బొమ్మ ఇచ్చి భాగాలు గుర్తించమనాలి, కణత్వచం లేకపోతే ఏమవుతుందో రాయమనాలి. అదే స్థాయి ప్రశ్నలతో ఆరు వారాల తర్వాత ఇంకోసారి. పేపర్లు కోడ్ నంబర్లతో వేరే మండలం టీచర్లు దిద్దాలి. కళ్లు తిరిగి మధ్యలో హెడ్‌సెట్ తీసేసిన పిల్లలనూ వాళ్ల గుంపులోనే లెక్కించాలి. వాళ్లను వదిలేస్తే తట్టుకున్నవాళ్ల మార్కులే మిగిలి ఫలితం ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. కళ్లు తిరగడాన్ని కొలవడానికి 1993 నుంచి వాడుకలో ఉన్న 16 లక్షణాల ప్రశ్నావళి ఉంది, ఒక్కో లక్షణానికి 0 నుంచి 3. దాన్ని పాఠానికి ముందూ తర్వాతా నింపించండి. మూర్ఛ వచ్చే పిల్లలకు హెడ్‌సెట్ పెట్టొద్దు.

వ్యాఖ్యానం తెలుగులో ఉండాలి. విదేశీ యాసలో ఇంగ్లీషు పాఠం పెడితే ఏటూరునాగారంలోని కోయ పిల్ల మార్కుల్లో మనం కొలిచేది ఆమె ఇంగ్లీషును మాత్రమే.

చిన్నవిగా కనిపించి పెద్ద నష్టం చేసేవి కొన్ని. హెడ్‌సెట్‌ను కిటికీ పక్కన లెన్సులు పైకి పెట్టి వదిలితే ఎండ లెన్సు గుండా పడి నిమిషాల్లో లోపలి తెర కాలిపోతుంది. వరంగల్ ఎండకు చెప్పనక్కర్లేదు. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపాలి. మధ్యలో సాఫ్ట్‌వేర్ మారితే జులై పిల్లలు, ఆగస్టు పిల్లలు వేర్వేరు పాఠం చూసినట్టే. కంటిపాపల మధ్య దూరం చాలామంది పెద్దలకు 63 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, పిల్లలకు తక్కువ. అంత దగ్గరికి జరగని లెన్సులున్న మోడల్ కొంటే బొమ్మ మసకగా కనిపిస్తుంది, తలనొప్పి వస్తుంది.

డేటా సంగతి టెండర్‌లోనే రాయాలి. 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 5 నిమిషాల లోపు తల, చేతుల కదలికల డేటాతో 511 మందిలో ఎవరు ఎవరో 95 శాతం పైగా సరిగ్గా గుర్తించగలిగారు. పేర్లు తీసేసినంత మాత్రాన పిల్ల గోప్యంగా ఉన్నట్టు కాదు. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి డేటాకు తల్లిదండ్రుల అనుమతి రుజువు చేయగలిగేలా ఉండాలి. కదలికల డేటా కంపెనీ సర్వర్‌కు పోకూడదు.

జూన్‌లో లాటరీ, ముందు పరీక్ష. జులైలో పాఠాలు. ఆరు వారాల పరీక్ష దసరా సెలవుల్లోపు. రెండో పాఠంతో ఇంకో విడత చేస్తే, మేడారం జాతర ఉన్న ఏడాది మాఘమాసంలో ములుగు, భూపాలపల్లి బడుల్లో పరీక్ష పెట్టకండి, తరగతిలో పిల్లలే ఉండరు. పరీక్ష పేపర్లు, దిద్దే పద్ధతి, విశ్లేషణ పథకం జూన్‌లోనే ఎస్‌సీఈఆర్‌టీ దగ్గర సీల్ చేసి పెట్టించండి. హెడ్‌సెట్లు అమ్మే కంపెనీకి దిద్దడంలో గానీ విశ్లేషణలో గానీ పాత్ర ఉండకూడదు. తేడా ఏమీ లేదని తేలినా ఆ నివేదికను ప్రచురించాలన్న షరతు జీవోలోనే రాయించండి.

ఇట్లు,
వరంగల్, హనుమకొండ జిల్లాల విద్యా పరిశోధకులు, సైన్స్ ఉపాధ్యాయులు