పెన్ను ఎవరి చేతిలో ఉండాలి

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. ఇంట్లో అందరూ బాగున్నారని రాశావు, సంతోషం. "రైటింగ్ ల్యాబ్‌లో పని అంటున్నావు, పిల్లల ఇంగ్లీషు తప్పులు దిద్దుతావా?" అని అడిగావు కదా. చాలామంది అలాగే అనుకుంటారు, అందుకే వివరంగా రాస్తున్నాను.

అమెరికాలో మా పర్డ్యూ యూనివర్సిటీలో ఈ ల్యాబ్‌ని 1976లో మ్యూరియల్ హ్యారిస్ అనే ప్రొఫెసర్ మొదలుపెట్టారు. పిల్లలకు ఫీజేమీ లేదు. అపాయింట్‌మెంట్ తీసుకుని, రాసుకున్నది పట్టుకుని వస్తారు. ఇంకా ఒక్క ముక్కా రాయకుండా, ప్రొఫెసర్ ఇచ్చిన ప్రశ్న ఒక్కటే తెచ్చినా కూర్చోబెట్టి మాట్లాడతాం.

చాలామంది టెన్షన్‌తో వచ్చి కాయితాలు మన ముందుకు తోసి, "గ్రామర్ చూసిపెట్టండి, రేపే సబ్మిషన్" అంటారు. మేం దిద్ది ఇవ్వం. పక్కన కుర్చీలో కూర్చుంటాం, పెన్ను వాళ్ల చేతిలోనే ఉంచుతాం, "పైకి చదువు" అంటాం. సగం పని అక్కడే అయిపోతుందిరా. కంటికి కనిపించని అతుకులు చెవికి దొరికిపోతాయి.

మొన్న కరీంనగర్ అబ్బాయి ఒకడు వచ్చాడు, సివిల్ ఇంజనీరింగ్. చలి ప్రాంతాల్లో వంతెనలు ఎందుకు పాడవుతాయన్నది వాడి రిపోర్టు. మొదటి రెండు పేజీలూ కాంక్రీటు చరిత్రే! కాసేపు విని ఆపి, "అసలు నువ్వు చెప్పదలచుకున్నదేంటి? తెలుగులో చెప్పు" అన్నాను. గుక్కతిప్పుకోకుండా చెప్పాడు: "మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారన్నా. ఆ ఉప్పునీళ్లు కాంక్రీటు లోపలికి దిగి ఇనుప కమ్ములకు తుప్పు పట్టిస్తాయి. తుప్పు ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది. పైన చీలిక కనిపించేసరికే లోపల చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది." మరి ఈ మాట రిపోర్టులో ఎక్కడుందని అడిగితే, వెతికి వెతికి చివరి పేజీలో చూపించాడు. తర్వాత ప్రతి పేరా పక్కన అది ఏం చెబుతోందో ఒక్క ముక్కలో రాయమన్నాను. రెండు పేరాల పక్కన ఒకటే మాట వచ్చింది. నేనేమీ అనకముందే ఒకదాన్ని కొట్టేశాడు. వాడి మొహం చూడాల్సింది మామా!

స్టీఫెన్ నార్త్ అనే ఆయన 1984లో ఇలాంటి ల్యాబ్‌ల గురించి ఒక వ్యాసం రాశాడు. మా పని కాయితాన్ని బాగుచేయడం కాదు, రాసే మనిషిని బాగా రాసేవాడిగా చేయడం అన్నది దాని సారం. నేనూ నమ్ముతాను. అయితే కొందరు ట్యూటర్లు అన్నిటికీ ప్రశ్నలే వేస్తారు, నాకది నచ్చదు. మన పిల్లలు ఎంత గట్టిగా చదివినా, ఇంగ్లీషు 'ద' (the) పెట్టాల్సిన చోట పెట్టలేదని చెవికి తెలియదు, మన భాషలో అది లేదు కాబట్టి. అలాంటివి నేరుగా చెప్పేయాలి. ఒకే రకం తప్పు తీసుకుని, ఒకటి రెండు చోట్ల చూపించి, మిగతావి వాళ్లనే వెతకమంటాను. ఈ అబ్బాయి అన్నీ కాకపోయినా చాలావరకు పట్టేశాడు.

ఇంత ఎందుకు రాస్తున్నానంటే, మీ కాలేజీలో నువ్వు ఇది మొదలుపెట్టాలిరా. సీనియర్ల రికార్డులు చూసి దించేసుకునే పిల్లలకు సొంతంగా రాసే అలవాటు ఎక్కణ్ణుంచి వస్తుంది? లైబ్రరీలో ఒక బల్ల, ఓపికగా వినే ఫైనలియర్ పిల్లలు ఇద్దరు ముగ్గురు చాలు. తెలుగు మీడియం వాళ్లయితే ముందు తెలుగులోనే చెప్పించండి, తర్వాత ఇంగ్లీషులో రాయించండి. మార్కులు వేసేవాళ్లు మాత్రం ఆ బల్ల దగ్గర కూర్చోవద్దు, నువ్వు కూడా. మాస్టారు పక్కనుంటే పిల్లలు "అర్థమైంది సార్" అని లేచిపోతారు.

ప్రిన్సిపాల్ గారిని అడిగి ఏమన్నారో వెంటనే రాయి. ఆ ఫైనలియర్ పిల్లలకు పనికొచ్చేలా, మేం అడిగే ప్రశ్నలన్నీ తెలుగులో రాసి వచ్చే ఉత్తరంతో పంపిస్తాను.

నీ
మామ