'క్లాస్' కంప్యూటర్లను తుక్కుకు వేయొద్దు

1980ల మధ్యలో కేంద్రం పిల్లలకు కంప్యూటర్ నేర్పేందుకు పెట్టిన 'క్లాస్' పథకం కింద బడులకు పంపిన బీబీసీ మైక్రో కంప్యూటర్లను తుక్కు కింద అమ్మేయడం ఆపాలి. మా ప్రాంతంలోని ఓ పాఠశాల స్టోర్ రూంలో విరిగిన బెంచీల కింద ఒకటి చూశాను. దుమ్ము తుడిస్తే కీబోర్డు పైవరుసలోని ఎర్ర మీటల రంగు కూడా పోలేదు. దాన్ని కిలోల లెక్కన ఇచ్చేస్తారట! 1982లో బ్రిటన్‌లో ఈ కంప్యూటర్ 'మోడల్ బి' రకం ధర 399 పౌండ్లు. మెమరీ 32 కిలోబైట్లే. నేటి ఫోన్ ఫొటో ఒక్కటి కూడా అందులో పట్టదు. అయినా బీబీసీ మైక్రోను టీవీకి తగిలించి స్విచ్ వేస్తే చాలు, ప్రోగ్రాంలు రాసే భాష బేసిక్ సిద్ధం. పిల్లలు నాలుగు లైన్లు టైప్ చేసి తెరపై బొమ్మ గీయించేవారు, ప్రోగ్రాంను మామూలు ఆడియో క్యాసెట్‌లో దాచుకునేవారు. కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో నేర్పడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు తెలియదు. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు వేలానికి ముందే బడులవారీగా వీటి జాబితా తీయించాలి. పాలిటెక్నిక్ విద్యార్థులతో బాగు చేయించి, జిల్లాకు ఒకటైనా పిల్లలు తాకి వాడేలా జిల్లా గ్రంథాలయంలో పెట్టించాలి.