పైపు పగిలితే ముందు వాల్వ్ కట్టండి, తర్వాత మాకు ఫోను చేయండి

విజయవాడలో మా ప్లంబింగ్ దుకాణాన్ని నమ్మి ఇళ్ల పనులు అప్పగిస్తున్న ఖాతాదారులందరికీ నమస్కారం. ఈ వేసవి మాకు పగిలిన పైపులతోనే గడిచింది. రోహిణి కార్తె ముగిసేసరికి మా కుర్రాళ్లకు నిద్ర కరువైంది. ఆ ఇళ్లన్నీ చూశాక పని పద్ధతిలో కొన్ని మార్పులు చేస్తున్నాం. రేట్లూ కొంత మారుతున్నాయి. కారణాలేమిటో దాపరికం లేకుండా మీకు చెప్పాలి.

ఒక ఇంటి సంగతి చెబితే మిగతాది సులువుగా అర్థమవుతుంది. అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు ఫ్లాటు. ఇంటివాళ్లు పెళ్లికి ఊరెళ్లారు. వాష్‌బేసిన్ కింద యాంగిల్ కాక్ (గోడకు ఉండే చిన్న వాల్వ్) నుంచి కుళాయికి వెళ్లే కనెక్షన్ పైపు నట్టు దగ్గర చీలింది. మామూలుగా అయితే ట్యాంకులో ఉన్న నీళ్లు పోయి ఆగాలి. అక్కడ మోటారుకు ఆటోమేటిక్ స్టార్టరు ఉంది. ట్యాంకు ఖాళీ అయినప్పుడల్లా మోటారు తనంతట తానే ఆన్ అయి మళ్లీ నింపింది. సంపు అడుగంటేదాకా ఇదే వరస. తెల్లవారుజామున కింది ఫ్లాటు పెద్దాయన ఫోను చేసి, "బాబూ, మా హాల్లో పైకప్పు నుంచి ధార పడుతోంది, తొందరగా రండి" అన్నారు. మేం వెళ్లేసరికి డాబా మీద వాల్వులు వరుసగా ఉన్నాయి, ఒక్కదాని మీదా ఫ్లాటు నంబరు లేదు. ఏది ఎవరిదో వాచ్‌మన్‌కూ తెలియదు. ఒక్కొక్కటీ తిప్పుతూ పోతే, అసలు కావలసిన వాల్వే తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. చీలిన పైపు ఖరీదు మూడు వందల లోపు. పాడైనవి రెండిళ్ల వంటింటి అల్మరాలు, కింది వారి సీలింగు, టీవీ.

పైపు పగలడం వల్ల జరిగే నష్టం చిన్నది. నీళ్లు ఆగేదాకా గడిచిన సమయమే ఇల్లు ముంచుతుంది. అందుకే మొదటి మార్పు ఇది: ఇకపై మేం ఏ చిన్న పనికి వచ్చినా మీ ఇంటి వాల్వులు తిప్పి చూసి, ఏది దేనిదో రాసిన రేకు బిళ్ల కట్టి వెళ్తాం. వంటింటిది, బాత్‌రూముది, గీజరుది వేరువేరుగా రాస్తాం. దీనికి డబ్బు తీసుకోం. బిగుసుకుపోయిన పాత గేట్ వాల్వుల స్థానంలో బాల్ వాల్వులు వేయమని చెబుతాం, వేయించుకోవడం మీ ఇష్టం. బాల్ వాల్వ్ పిడి పైపుకు అడ్డంగా ఉంటే కట్టేసినట్టు, పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు. చీకట్లో కూడా చేతికి తెలుస్తుంది. రెండు మూడు నెలలకోసారి దాన్ని తిప్పి పెడుతూ ఉండండి. కదలని వాల్వ్ అవసరానికి పనికిరాదు.

పైపులు ఎందుకు పగులుతున్నాయని చాలామంది అడుగుతున్నారు. అమెరికాలో పిల్లలున్నవారికి 2021 ఫిబ్రవరి గుర్తుండే ఉంటుంది. టెక్సాస్‌లో గడ్డకట్టే చలి వచ్చి, పైపుల్లో నీళ్లు మంచుగా మారి ఎన్నో ఇళ్లలో లైన్లు పగిలాయి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, పైపు తట్టుకోలేదు. మన దగ్గర శత్రువు ఎండ, వేడినీళ్లు, ఒత్తిడి.

డాబా మీద నీడ లేకుండా పడి ఉన్న ప్లాస్టిక్ పైపును ఓసారి దగ్గరగా చూడండి. పైన సున్నం రాసినట్టు తెల్లటి పొడి లేస్తుంది, గోటితో గీస్తే రాలుతుంది. ఎండకు పైపు పెళుసెక్కింది అనడానికి అదే గుర్తు. అలాంటి పైపు ఎవరి కాలు తగిలినా విరుగుతుంది. కొత్తదానికైతే నీళ్లలో కలిపే తెల్ల రంగు రెండు పూతలు వేయించండి. టర్పెంటైన్ కలిసిన ఆయిల్ పెయింటు మాత్రం వద్దు, అది పైపును తినేస్తుంది. వేడికి పైపు సాగుతుంది కూడా. మూడు మీటర్ల సీపీవీసీ (వేడినీళ్లకు వేసే ప్లాస్టిక్) పైపు 50 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 9 మిల్లీమీటర్లు పెరుగుతుంది. క్లాంపులు కదలకుండా బిగించేస్తే ఆ సాగుదల అంతా ఎల్బో (పైపు మలుపు తిరిగే చోటి ముక్క) మీద పడి జాయింటు దగ్గర పగులు వస్తుంది.

గీజరు విషయం ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ డబ్బు మిగుల్చుకోవాలని చూసినవారే ఎక్కువగా నష్టపోతున్నారు. వేడినీళ్లకు సీపీవీసీ పైపే వాడాలి. చన్నీళ్లకు వేసే తెల్ల యూపీవీసీ పైపు 45 డిగ్రీలు దాటిన నీటికి పనికిరాదు, గీజరు నీళ్లు 60 డిగ్రీలు దాటడం మామూలే. సీపీవీసీకి కూడా హద్దు ఉంది. 23 డిగ్రీల దగ్గర చదరపు సెంటీమీటరుకు 28 కిలోల ఒత్తిడి తట్టుకునే పైపు, 82 డిగ్రీల దగ్గర 7 కిలోలే తట్టుకుంటుంది. ఇక గీజరులోకి చన్నీళ్లు వెళ్లే చోట సేఫ్టీ వాల్వ్ ఉండాలి. వేడెక్కిన నీరు ఉబ్బుతుంది, 15 లీటర్ల గీజరులో ఆ ఉబ్బు పావు లీటరు పైమాటే. ఆ వాల్వ్ నీళ్లను వెనక్కి పోనివ్వదు, ఒత్తిడి మితిమీరితే కొద్దిగా బయటికి వదులుతుంది. చుక్కలు కారుతున్నాయని దాన్ని తీసేసి మామూలు నిప్పల్ (పైపులను కలిపే చిన్న ముక్క) బిగించిన ఇళ్లు ఈ వేసవిలో చూశాం. ఒక ఇంట్లో వేడినీళ్లు చన్నీళ్ల లైనులోకి వెనక్కి వచ్చి, గోడలోని తెల్ల పైపు మెత్తబడి మధ్యలో ఉబ్బి చీలింది. కోసి తీసిన ఆ ముక్క మా దుకాణం బల్ల మీద ఉంది, వచ్చినప్పుడు చూడండి. సేఫ్టీ వాల్వ్ లేకుండా గీజరు బిగించమని అడిగితే ఇకపై మేం ఆ పని చేయం. పాత ఖాతాదారులైనా సరే, మన్నించండి.

ప్రెషర్ పంపు పెట్టించుకోవాలనుకునేవారికి ఒక మాట. పది మీటర్ల ఎత్తున్న ట్యాంకు నుంచి వచ్చే నీటి ఒత్తిడి సుమారు ఒక కిలో మాత్రమే. పంపు దాన్ని రెండు మూడింతలు చేస్తుంది. పాత జీఐ (ఇనుప) పైపు లోపల తుప్పు పట్టి పలచబడి ఉంటే ఆ దెబ్బకు ఆగదు. ముందు లైను పరీక్ష, తర్వాతే పంపు.

ఇక కొత్త ఇళ్లు, బాత్‌రూముల మరమ్మతులు. గోడలో లైను వేశాక సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) ఆరడానికి 24 గంటలు వదిలి, 10 కిలోల ఒత్తిడితో గంటసేపు పరీక్షించిన తర్వాతే టైల్స్ వేయనిస్తాం. ప్రెషర్ మీటరు ముల్లు కదిలిందా లేదా మీరే నిలబడి చూసుకోండి. టైల్స్ మేస్త్రీ తొందరపెడతారు, ఒక రోజు కూలీ పోతుందంటారు. ఆ రోజు కూలీ ఎంతైనా, వేసిన టైల్స్ పగలగొట్టించే ఖర్చు ముందు చాలా తక్కువ. గోడ మూసేముందు కొలటేపు పెట్టి ఫోటోలు తీసి మీకు పంపుతాం. రేపు అద్దం గానీ అరలు గానీ బిగించేటప్పుడు డ్రిల్లింగ్ ఎక్కడ వద్దో అవే చెబుతాయి. ఈ పరీక్షలకు మనుషులు, సమయం కావాలి కాబట్టి కొత్త పనుల కూలీ పది శాతం పెంచుతున్నాం. రాత్రి పది దాటాక వస్తే అదనపు ఛార్జి ఉంటుంది, అది పూర్తిగా వచ్చిన కుర్రాడికే ఇస్తాను. మేం వేసిన జాయింటు కారితే మాత్రం రాత్రయినా, పగలైనా డబ్బు తీసుకోం.

పైపు పగిలినప్పుడు ముందు ఆ లైను వాల్వ్ కట్టండి. ఆ వాల్వ్ దొరక్కపోతే ట్యాంకు కిందిది కట్టండి. మోటారు స్విచ్ ఆఫ్ చేయండి, ఆటోమేటిక్ అయితే మెయిన్ తీసేయండి. గీజరు ఆపేయండి, నీళ్లు లేకుండా కాలితే ఎలిమెంటు పోతుంది. స్విచ్ బోర్డు తడిస్తే దాన్ని ముట్టుకోకుండా మెయిన్ నుంచే కరెంటు తీయించండి. తర్వాత ఇంట్లో అన్నిటికంటే కింద ఉన్న కుళాయి తిప్పితే లైనులో మిగిలిన నీళ్లు అటు పోతాయి. పైకి కనిపించే పగులైతే పాత సైకిలు ట్యూబు ముక్కను లాగి బిగుతుగా చుట్టి తాడు కట్టండి, మేం వచ్చేదాకా ఆగుతుంది. తడి పైపు మీద జిగురు పూయకండి, అది అంటుకోదు, తర్వాత మాకు శుభ్రం చేయడం కష్టం.

ఊరెళ్లేటప్పుడు ఇంటి వాల్వ్ కట్టి వెళ్లండి. ఫోను చేసేటప్పుడు నీళ్లు ఆగాయా లేదా, పగిలింది వేడినీళ్లదా చన్నీళ్లదా, పైపు రంగేమిటి, ఈ మూడూ చెప్పండి. వీలైతే ఫోటో పంపండి. సరైన సైజు సామాను మొదటిసారే పట్టుకొస్తాం.