పాత కారు స్టార్ట్ కాకపోతే ముందే బ్యాటరీ కొనమనకండి

ఎడిటర్ గారికి,

గత ఆదివారం మీ వాహనాల పేజీలో ఒకాయన "మా పాత కారు పొద్దున్నే స్టార్ట్ కావట్లేదు, ఏం చేయాలి" అని అడిగితే, బ్యాటరీ మార్చండి, అప్పటికీ కాకపోతే సెల్ఫ్ మోటార్ (తాళం తిప్పగానే ఇంజన్‌ని తిప్పేది) మార్చండి అని రెండు ముక్కల్లో తేల్చేశారు. సరిగ్గా ఆ సలహాతోనే డబ్బు వదిలించుకున్నవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

మాది 1986 మోడల్ పెట్రోల్ అంబాసిడర్. నాన్నగారు కొన్నది, అమ్మబుద్ధి కాదు. రెండేళ్ల కిందట ఒకరోజు తాళం తిప్పితే టక్‌మని చప్పుడు, అంతే. మెకానిక్ కొత్త బ్యాటరీ వేయించాడు. నెల తిరక్కుండా మళ్లీ అదే టక్. ఈసారి సెల్ఫ్ విప్పి బాగు చేయించాడు, అయినా లాభం లేదు. ఈలోగా నేను గమనించిందేమిటంటే, సెల్ఫ్ కొట్టినప్పుడల్లా, డాష్‌బోర్డు నుంచి ఇంజన్ దాకా వెళ్లే చోక్ కేబుల్ తీగ చెయ్యి కాలేంత వేడెక్కుతోంది. చెబితే ఇంజన్ వేడి అన్నాడు. స్టార్టే కాని ఇంజన్‌కి వేడెక్కడిదండీ! చివరికి మా వీధిలో ఉండే రిటైరైన ఎలక్ట్రీషియన్ కారు కింద దూరి, ఇంజన్‌ని బాడీకి కలిపే ఎర్త్ పట్టీ తెగి రెండు పోగుల మీద వేలాడుతోందని చూపించాడు. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, ఆ పట్టీ లేకపోతే సెల్ఫ్ లాగే అంత కరెంటూ చోక్ కేబుల్ లాంటి సన్న దారిలోంచే పోవాలి. పట్టీ మార్చి, బాడీ దగ్గర తుప్పు గీకి బిగించాక ఒక్క తిప్పుకే అందుకుంది.

ఇది కనిపెట్టడానికి మామూలు మల్టీమీటర్ చాలు. ఛార్జింగ్ నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు అది బాగా పడిపోయి 9.6 కంటే దిగితే బ్యాటరీని అనుమానించొచ్చు. 12 దగ్గరే నిలబడి సెల్ఫ్ మాత్రం కదలకపోతే బ్యాటరీని తిట్టి ఏం లాభం, వైర్లు, సోలినాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు వదిలే స్విచ్) చూడాలి. మీటర్ ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కి, రెండోది ఇంజన్ మీద రంగు లేని ఇనుముకి ఆనించి సెల్ఫ్ కొట్టండి, అర వోల్టు దాటితే ఎర్త్ బాగాలేనట్టే.

సెల్ఫ్ బాగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే అది వేరే కథ. కొన్ని కార్లలో, ప్లగ్గుల్లో నిప్పురవ్వ కోసం వోల్టేజి పెంచే కాయిల్‌కి ముందు, కరెంటు తగ్గించే ఒక రెసిస్టర్ ఉంటుంది. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ అందుకుని తాళం వదలగానే ఆగిపోతే ఆ రెసిస్టర్‌నో, ఇగ్నిషన్ స్విచ్‌నో చూడాలి. అలాకాక తాళం వదిలే క్షణంలోనే అందుకుంటుంటే, సెల్ఫ్ కొట్టేటప్పుడు రెసిస్టర్‌ని దాటించి కాయిల్‌కి కరెంటిచ్చే వైరు తెగిందేమో చూడాలి. కాయిల్ కరెంటుని కలిపి తెంచే పాయింట్ల గ్యాప్ మా అంబాసిడర్‌కి 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. పాయింట్లు ఊరికూరికే కాలి నల్లబడుతుంటే, వాటి దగ్గర నిప్పురవ్వల్ని అణచే కండెన్సర్ పోయినట్టు అనుకోవచ్చు. ప్లగ్గులకి వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లకి వెళ్లే చిన్న వైరు ఒకటుంటుంది, పాయింట్లు బిగించిన ప్లేటు అటూ ఇటూ కదిలి కదిలి పైన తొడుగు బాగానే ఉన్నా లోపల రాగి తెగిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది.

ఇవేవీ చూడకుండా మనవాళ్లు చేసే పని బ్యాటరీ నుంచి కాయిల్‌కి "డైరెక్ట్" లాగడం. ఫ్యూజు ఉండదు, టేపు చుట్టి పెట్రోల్ పైపు పక్కనుంచే తీసుకెళ్తారు. ఆ వైరు ఎక్కడైనా రాసుకుని తొడుగు పోతే మంటలే. తాళం తీసేసినా, ఆ వైరుకి డాష్‌బోర్డు కింద పెట్టిన స్విచ్ ఆపడం మర్చిపోతే కాయిల్ కాలుతూనే ఉంటుంది. దీని గురించి మీ పేజీ ఒక్కసారైనా రాయాలి. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022లో 600 నుంచి 5000 చేసినా కట్టి మరీ ఉంచుకున్నవాళ్లం, వారంవారం కొత్త ఎస్‌యూవీల బొమ్మలే చూడాలా?

ఆ పాఠకుడు ఇంకా బ్యాటరీ కొనకపోయి ఉంటే, ముందు ఎర్త్ పట్టీ చూసుకోమని వచ్చే ఆదివారం ఒక్క లైను వేయండి.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం